వెనుక షాక్ బోల్టు బిగుసుకుపోతే

ఈ నెల సైకిలు శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే పని గురించి అడిగాయి. మౌంటెన్ సైకిలు వెనుక షాక్‌ను, అంటే కుదుపులను మింగే భాగాన్ని, ఫ్రేము నుంచి విడదీసి మళ్లీ బిగించడమే ఆ పని. మూడూ ఒడిశా సరిహద్దు పట్టణాల్లోని తెలుగు పాఠకులు రాసినవే. వానాకాలం వెళ్లగానే ఇలాంటి ఉత్తరాలు రావడానికి కారణం ఉంది, దాన్ని జవాబులోనే వివరిస్తాను. ఈసారి శీర్షిక మొత్తం వీటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మాది రాయగడ. మూడేళ్ల క్రితం విశాఖపట్నంలో ఒకరు వాడిన ఫుల్ సస్పెన్షన్ మౌంటెన్ సైకిలు కొన్నాను. ఫ్రేము అల్యూమినియం, వెనుక ఉన్నది గాలి షాక్. ఆదివారాలు మిత్రులతో కలిసి చుట్టుపక్కల కొండదారుల్లో తిరుగుతాను, తిరిగి వచ్చేటప్పుడు మోటారు సైకిళ్లు కడిగే చోట నీళ్లు కొట్టిస్తాను. ఈ వానల తరువాత వెనుక నుంచి కిర్రుమనే శబ్దం మొదలైంది. షాక్‌ను సర్వీసుకు పంపుదామని విప్పబోతే పై బోల్టు సులువుగానే వచ్చింది. రాకర్ (వెనుక చక్రం కదలికను షాక్‌కు అందించే ముక్క) దగ్గర ఉన్న కింది బోల్టు మాత్రం ముప్పావు చుట్టు తిరిగి ఆగిపోయింది. బోల్టు తలకూ ఫ్రేముకూ మధ్య గోరు దూరేంత సందు వచ్చింది, అంతకు మించి కదలదు. తిప్పినప్పుడు లోపలి స్పేసర్లు కూడా దానితోపాటే తిరుగుతున్నాయి. రెండో వైపు నట్టు లేదు, మరలు ఫ్రేములోనే ఉన్నాయి. ఎలెన్ కీ పట్టే గుంట అంచులు కొంచెం అరిగాయి. మా వీధి చివర లారీల మెకానిక్‌కు చూపిస్తే, "బాబూ, గ్యాసు పెట్టి ఎర్రగా కాలిస్తే అదే వచ్చేస్తుంది" అన్నారు. కాల్పించమంటారా?

జవాబు: కాల్పించవద్దు. ఆ బోల్టును ఇంకా బయటికి తిప్పే ప్రయత్నం కూడా ఈ క్షణం నుంచి ఆపేయండి. ఇప్పుడు చేయవలసిన మొదటి పని, మీరు తిప్పిన ఆ ముప్పావు చుట్టును వెనక్కి తిప్పి, బోల్టును మునుపున్న చోటికే తీసుకువెళ్లడం. విప్పమని అడిగితే బిగించమంటున్నారేమిటని మీకు అనిపించవచ్చు కనుక కారణం చెబుతాను.

షాక్ చివరనుండే గుండ్రటి ఐలెట్‌లో డీయూ బుష్ అనే పలుచని గొట్టం బిగించి ఉంటుంది. దానిలోకి రెండు వైపుల నుంచీ అల్యూమినియం స్పేసర్లు దూరుతాయి, వాటి మధ్యగా ఉక్కు బోల్టు వెళుతుంది. ఈ మొత్తాన్ని ఫ్రేముకు ఉన్న రెండు చెవులు ఇరువైపులా పట్టుకుని ఉంటాయి. అన్నీ ఆరోగ్యంగా ఉన్నప్పుడు బోల్టు స్పేసర్ల లోంచి జారుతూ బయటికి వస్తుంది, స్పేసర్లు చెవుల మధ్యనే మిగిలిపోతాయి. మీ సైకిలులో బోల్టు, స్పేసర్లు తుప్పుతో అతుక్కుపోయి ఒకే ముక్క అయిపోయాయి. మరలు బాగానే ఉన్నాయి కాబట్టి బోల్టు తిరిగింది. తిరిగిన బోల్టు బయటికి రావాలంటే స్పేసర్లనూ వెంటబెట్టుకుని రావాలి, వాటికి అడ్డంగా ఫ్రేము చెవి ఉంది. అంటే మీరు కీ మీద వేసిన బలమంతా బోల్టును వదిలించడానికి కాక, చెవిని బయటికి వంచడానికి పనిచేసింది. బోల్టు బయటికి జరిగిన ఆ కాస్త దూరంలో కొంత భాగం చెవి వంగడం వల్ల వచ్చినదే అయి ఉంటుంది. బోల్టు లోపలికి వెళ్లగానే ఆ ఒత్తిడి పోతుంది.

ఇంతగా హెచ్చరించడానికి నా అనుభవమే కారణం. చాలా ఏళ్ల కిందట జయపురం నుంచి ఒక మిత్రుడు తెచ్చిన సైకిలుకు సరిగ్గా ఇదే బాధ వచ్చింది. నేను కీకి అరగజం పైపు తొడిగి బలంగా తిప్పాను. టప్పుమని శబ్దం వచ్చింది, బోల్టు వదిలిందని సంతోషించాను. గుడ్డతో తుడిచి చూస్తే ఫ్రేము చెవి మొదట్లో, వెల్డింగ్ గీత పక్కన, వెంట్రుకంత సన్నని పగులు. ఆ ఫ్రేము మళ్లీ కొండ ఎక్కలేదు. అప్పటి నుంచి ఇటువంటి పని మొదలుపెట్టే ముందు, ఏది పోయినా ఫరవాలేదో, ఏది పోకూడదో నిర్ణయించుకున్న తరువాతనే పనిముట్టు చేతికి తీసుకుంటున్నాను. మీ విషయంలో బోల్టు, స్పేసర్లు పోయినా ఫరవాలేదు, వాటిని కొత్తవి వేసుకోవచ్చు. డీయూ బుష్ కూడా ఎలాగూ మార్చవలసినదే. షాక్ పోకూడదు, ఫ్రేము అసలే పోకూడదు.

ఇక కాల్చడం సంగతి. లారీ కమానుకట్ట బోల్టు పట్టేసినప్పుడు ఎర్రగా కాల్చి విప్పడం సరైన పద్ధతే, ఆ మెకానిక్ తన వృత్తిలో నేర్చుకున్న మాటే చెప్పారు. అక్కడ బోల్టూ ఉక్కే, దాని చుట్టూ ఉన్నదీ ఉక్కే. మీ ఫ్రేము అల్యూమినియం, అది ఎర్రబడదు. కళ్లకు రంగు మారినట్టు కనిపించకముందే కరిగిపోతుంది. సైకిలు ఫ్రేములకు ఎక్కువగా వాడే 6061 మిశ్రమం సుమారు 580 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరగడం మొదలుపెడుతుంది. అంతవరకూ వెళ్లనక్కరలేదు. కర్మాగారంలో ఆ మిశ్రమానికి బలం రావడానికి దాన్ని సుమారు 160 నుంచి 180 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచి పదును చేస్తారు. గ్యాసు మంట ఆ హద్దును క్షణాల్లో దాటేస్తుంది, దాటిన చోట పదును పోయి లోహం మెత్తబడుతుంది. పైకి రంగు కొంచెం మాడినట్టు మాత్రమే ఉంటుంది, లోపల బలం తగ్గిన సంగతి మీకు తెలియదు. షాక్‌లో నూనె, రబ్బరు సీళ్లు ఉంటాయి. చాలా షాక్‌లలో నూనె వెనుక అధిక పీడనంలో నైట్రోజన్ గ్యాసు కూడా బంధించి ఉంటుంది. అటువంటి డబ్బా పక్కన మంట పెట్టడం మనిషి ప్రాణానికే ప్రమాదం. ఫ్రేము కార్బన్‌ది అయితే హీట్ గన్‌ను కూడా దగ్గరికి రానివ్వకూడదు, దానిలోని జిగురు మెత్తబడుతుంది.

వేడి పూర్తిగా పనికిరాదని నా ఉద్దేశం కాదు, మరిగే నీటి వేడి చాలు. ఒక్కొక్క డిగ్రీకి అల్యూమినియం తన పొడవులో పది లక్షలకు సుమారు 23 వంతులు పెరిగితే ఉక్కు 12 వంతులే పెరుగుతుంది. 8 మిల్లీమీటర్ల రంధ్రాన్ని, బోల్టును కలిపి 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తీసుకువెళితే ఆ రెండింటి మధ్య ఏర్పడే తేడా దాదాపు 0.006 మిల్లీమీటర్లు. చదవడానికి అది ఏమీ కాదనిపిస్తుంది. కానీ తుప్పు పొర మెత్తని పొడి, దానిలో బీట వేసి నూనె లోపలికి దిగడానికి ఆ మాత్రం సందు సరిపోతుంది.

అసలు ఆ తుప్పు ఎందుకు వచ్చింది? మీరు రాసిన నీళ్లు కొట్టించడమే ప్రధాన కారణమని నా అభిప్రాయం. ఉక్కు, అల్యూమినియం తాకుతూ ఉన్న చోట నీరు నిలిస్తే ఆ మూడూ కలిసి చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి. రెండు లోహాల్లో చురుకైన అల్యూమినియం తాను కరుగుతూ తెల్లటి పొడిగా మారుతుంది. ఆ పొడి, అది పుట్టిన లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక బోల్టు చుట్టూ మేకు కొట్టినట్టు బిగుసుకుంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మీ కొండల్లో తడి ఆరే వ్యవధే ఉండదు. దానికి తోడు మోటారు సైకిలుకు కొట్టే నీటి ధార సైకిలు కీళ్లలోకి నీటిని, బురదను బలవంతంగా నెడుతుంది. టార్చిలైటు వేసి స్పేసర్ అంచును చూడండి. తమలపాకుకు రాసిన సున్నం ఆరినట్టుగా తెల్లటి గీత కనిపిస్తే నేను చెప్పింది మీ సైకిలు విషయంలో నిజమని తెలుసుకోవచ్చు.

ఇప్పుడు పనికి దిగుదాం. వెనుక చక్రం తీసేయండి, బ్రేకు ప్యాడ్లను కూడా తీసి దూరంగా పెట్టండి. నూనె చుక్క ఒకటి బ్రేకు డిస్కు మీద పడినా తరువాత కొండ దిగేటప్పుడు బ్రేకు పట్టదు. షాక్ గాలి వాల్వు మూత తీసి, గాలిని కొంచెం కొంచెంగా పూర్తిగా వదిలేయండి. స్ప్రింగ్ ఉన్న షాక్ అయితే స్ప్రింగ్ బిగువును వదులు చేసే కాలర్‌ను ముందుగా తిప్పాలి. సైకిలును దూలానికి తాడుతో కట్టి వేలాడదీయవచ్చు. వెనుక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ కింద చెక్కదిమ్మ పెట్టి, దాని బరువు బోల్టు మీద పడకుండా ఎత్తు సరిచేయాలి. పై బోల్టు తీసేశారు కనుక షాక్‌ను చేత్తో అటూ ఇటూ ఊపగలిగితే బరువు పోయినట్టే. ఈ చిన్న సర్దుబాటు చేయక గంటల తరబడి కష్టపడేవారిని చూశాను.

నూనె విషయంలో తొందర పనికిరాదు. తుప్పు వదిలించే పెనిట్రేటింగ్ ఆయిల్ హార్డ్‌వేరు దుకాణాల్లో దొరుకుతుంది. అది లేనప్పుడు మన మెకానిక్‌లు వాడే కిరసనాయిలు కొంతవరకు పనిచేస్తుంది కాని రబ్బరు సీళ్లకు మంచిది కాదు, కాబట్టి షాక్ రాడ్డుకు గుడ్డ చుట్టి చుక్క చుక్కగా వాడండి. స్పేసర్‌కూ చెవికీ మధ్య సందులో రెండు వైపులా వేయండి. సైకిలును ఒక పక్కకు పడుకోబెట్టి సాయంత్రం వేసి ఉదయం దాకా ఉంచండి. మరునాడు రెండో పక్కకు తిప్పి మళ్లీ వేయండి. నూనె బరువుతో కిందికి దిగాలి, అందుకే పడుకోబెట్టమంటున్నాను. మూడు రోజులు ఇలా చేయండి. మధ్యలో ఒకటి రెండుసార్లు ఐలెట్ చుట్టూ పాత గుడ్డ చుట్టి, మరిగే నీళ్లు రెండు మూడు నిమిషాలు పోయండి. తేమ తుడిచి, ఇంకా వెచ్చగా ఉండగానే నూనె వేస్తే లోపలికి బాగా దిగుతుంది.

నాలుగో రోజు బోల్టు తల గుంటను సూదితో శుభ్రం చేయండి. గుంట అడుగున చేరిన ఎర్రమట్టి గట్టిపడి కీని పూర్తిగా దూరనివ్వదు, అంచులు అరగడానికి సగం కారణం అదే. కొత్త కీ, వంపు వైపు కాకుండా నిటారు బిట్టు ఉన్నది, గుంటలో పెట్టి సుత్తితో రెండు మూడు దెబ్బలు వేసి కూర్చోబెట్టండి. రెండో వైపు చెవికి గుగ్గిలం చెక్క లాంటి గట్టి చెక్క ఆనించి దెబ్బ వేయడం అవసరం, ఆసరా లేని చెవి మీద సుత్తి దెబ్బ పడకూడదు. ఆ దెబ్బ తుప్పు పొరను కూడా కొంత పగలగొడుతుంది.

అసలు కీలకం ఇక్కడ ఉంది. బోల్టును తిప్పేటప్పుడు స్పేసర్లను కదలకుండా పట్టుకోవాలి. ఐలెట్ పక్కన కనిపించే స్పేసర్ అంచును వైస్ గ్రిప్ ప్లయర్‌తో గట్టిగా పట్టండి, అంచు నలిగినా విచారించవద్దు. పట్టు దొరకకపోతే చిన్న ఆకురాయితో అంచు మీద రెండు ఎదురెదురు చదును ముఖాలు రాసి, పలుచని స్పానర్ వేయవచ్చు. ఇప్పుడు బోల్టును ముందుగా బిగించే వైపు వెంట్రుకవాసి, తరువాత విప్పే వైపు వెంట్రుకవాసి, అలా అటూ ఇటూ తిప్పుతూ నూనె వేస్తూ ఉండండి. స్పేసర్ నిలబడి బోల్టు ఒక్కటే తిరిగిన క్షణం చేతికి తెలుస్తుంది. సన్నగా ఇసుక నలిగినట్టు కరకరమంటుంది, గోధుమరంగు నూనె సందులోంచి పైకి ఉబుకుతుంది. అక్కడి నుంచి ఇక తొందరపడకుండా పావు చుట్టు బయటికి, అందులో సగం లోపలికి తిప్పుతూ పోతే బోల్టు వస్తుంది. మరల నుంచి పూర్తిగా వదిలాక కూడా జారకపోతే, బోల్టు కంటే సన్నని ఇత్తడి కడ్డీ ఆనించి, మర ఉన్న వైపు నుంచి మెల్లగా కొట్టి నెట్టవచ్చు.

ఇంత చేసినా స్పేసర్ విడవకపోతే కోయడమే సరైన మార్గం, దానికి మనసు కష్టపెట్టుకోవద్దు. హాక్సా బ్లేడును దాని పిడి నుంచి తీసి, ఒక చివర గుడ్డ చుట్టి చేత్తో పట్టుకోండి. డబ్బా రేకు ముక్క ఒకటి ఫ్రేము చెవికి ఆనించి ఉంచండి, బ్లేడు జారినా రేకుకే తగులుతుంది. షాక్ రాడ్డుకు, సీలుకు ప్లాస్టిక్ కవరు చుట్టి టేపు వేయండి. లోహపు రజను సీలులోకి వెళితే రాడ్డు మీద గీతలు పడి షాక్ పాడవుతుంది. ఐలెట్‌కూ చెవికీ మధ్య, స్పేసర్ అంచు మీదుగా రెండు వైపులా కోయండి. మొదట అల్యూమినియం మెత్తగా తెగుతుంది, తరువాత ఉక్కు బోల్టు దగ్గర బ్లేడు శబ్దం మారుతుంది. రెండో కోత పూర్తి కాగానే షాక్ విడిగా వచ్చేస్తుంది కాబట్టి దాన్ని ఒకరు చేత్తో పట్టుకుని ఉండటం మంచిది. ఐలెట్‌లో మిగిలిన ముక్కను బెంచ్ వైస్‌లో సాకెట్ సాయంతో నెట్టేయవచ్చు. ఫ్రేము మరలో మిగిలిన ముక్కకు ఇప్పుడు అడ్డేమీ లేదు, పొడుచుకు వచ్చిన చివరను ప్లయర్‌తో పట్టి తిప్పితే వస్తుంది. మీ మరలు మొదటి రోజే తిరిగాయి కనుక ఆ భయం లేదు.

స్పేసర్ అంచు మరీ పలుచగా ఉండి బ్లేడు పట్టే చోటు లేకపోతే బోల్టు తల వైపు నుంచి డ్రిల్ చేయడం ఒక్కటే మిగులుతుంది. ఆ పనిని చేతి డ్రిల్‌తో చేయించవద్దు. బిట్టు ఉక్కు మీద నిలవక మెత్తని అల్యూమినియం వైపు జారుతుంది. ఫ్రేమును బల్లకు బిగించి నిలువు డ్రిల్ యంత్రంతో చేయగల లేత్ షాపుకు తీసుకువెళ్లి, పక్కనే నిలబడి చేయించుకోండి. పైపుల్లో ఇరుక్కున్న అల్యూమినియం సీటు రాడ్లను కరిగించడానికి కొందరు కాస్టిక్ సోడా వాడతారు. అది ఉక్కు ఫ్రేముల కోసం పుట్టిన ఉపాయం. మీ ఫ్రేమే అల్యూమినియం కాబట్టి స్పేసర్‌తో పాటు ఫ్రేమును కూడా తినేస్తుంది.

ప్రశ్న: మేము బరంపురంలో ఉంటాము. మా అబ్బాయి గోపాలపురం సముద్రం వైపు సైకిలు తొక్కుతాడు. అతని సైకిలు వెనుక షాక్ సగానికి కుంగిపోయి పైకి లేవడం లేదు. పంపుతో గాలి కొడితే కొంచెం లేచి మళ్లీ దిగిపోతోంది. గాలి మొత్తం వదిలితే ఇంకా కిందికి లాక్కుంటోంది. ఫ్రేము నుంచి తీసి, గాలి డబ్బా మర విప్పి లోపల చూస్తానంటున్నాడు అతని స్నేహితుడు. చూడవచ్చునా?

జవాబు: ఫ్రేము నుంచి తీయవచ్చు, డబ్బాను మాత్రం ఎవరూ విప్పకూడదు. ఈ మాట మీ అబ్బాయికి ఈరోజే చెప్పండి.

గాలి షాక్‌లో పిస్టన్‌కు రెండు వైపులా గాలి గదులు ఉంటాయి. మనిషి బరువును మోసేది పాజిటివ్ గది, దానికి ఎదురుగా నెట్టేది చిన్నదైన నెగటివ్ గది. మనం పంపుతో కొట్టిన గాలి ఒక నిర్ణీత స్థానం దగ్గర మాత్రమే ఒక గదిలోంచి మరొక గదిలోకి వెళ్లి సమానమవుతుంది. మధ్యనున్న సీలు దెబ్బతింటే గాలి వెళ్లకూడని సమయంలో నెగటివ్ గదిలోకి దూరి అక్కడే చిక్కుకుంటుంది. అప్పుడు షాక్‌ను లోపలికి లాగే బలం పెరుగుతుంది. వాల్వు నుంచి మీరు వదిలేది పాజిటివ్ గది గాలిని మాత్రమే, అందుకే గాలి తీసేకొద్దీ షాక్ ఇంకా కుంగింది. వాల్వు దగ్గర సున్నా చూపిస్తున్నా లోపల నెగటివ్ గదిలో వందల పీఎస్‌ఐ పీడనం ఉండవచ్చు. మామూలు కారు టైరులో ఉండేది 30 పీఎస్‌ఐ చుట్టుపక్కల. ఆ స్థితిలో డబ్బా మర చివరి చుట్టు వదిలితే అది తుపాకీ గుండులా ఎగిరి వస్తుంది. దానికి ఎదురుగా ఉండేది విప్పుతున్న పిల్లవాడి ముఖం.

ఫ్రేము నుంచి తీయడానికి స్వింగ్ ఆర్మ్‌ను చేత్తో పైకి ఎత్తి, బోల్టు మీద బరువు లేని ఎత్తును వెతికి, అక్కడ బోల్టులు తీయండి. సముద్రపు గాలిలోని ఉప్పు రాయగడ వాన కంటే వేగంగా పనిచేస్తుంది, కనుక బోల్టు పట్టేసి ఉంటే పై జవాబులోని నూనె పద్ధతి పాటించండి. కోత మాత్రం వద్దు, వేడినీళ్లు కూడా వద్దు, లోపల పీడనం ఉన్న షాక్‌కు అవి తగవు. తీసిన షాక్‌ను మందపాటి గుడ్డలో చుట్టి, ఆ కంపెనీ అధికృత సర్వీసు కేంద్రానికి ఇవ్వండి. "కుంగి ఉండిపోయింది, నెగటివ్ గదిలో గాలి ఉంది" అని కాగితం మీద రాసి షాక్‌కే కట్టండి. ఆ కాగితం లేకపోతే అక్కడ పెట్టె తెరిచే మనిషికి సంగతి తెలియదు.

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. మహేంద్రగిరి వెళ్లి వచ్చిన తరువాత వెనుక షాక్ వదులుగా ఊగుతోందని విప్పాను. బోల్టు కష్టం మీద వచ్చింది. స్పేసర్లు తుప్పుతో తినేసి ఉన్నాయి, బుష్ అరిగిపోయింది. కొత్తవి తెప్పించుకోవడానికి ఏ కొలతలు చెప్పాలి? మా ఊరి లేత్ షాపులో స్పేసర్లు చేయించుకోవచ్చునా? మళ్లీ పట్టేయకుండా ఎలా బిగించాలి?

జవాబు: మూడు కొలతలు కావాలి, మూడూ వెర్నియర్ క్యాలిపర్‌తో తీసుకోండి. ఫ్రేము చెవుల మధ్య దూరం, బోల్టు మందం, బుష్ లోపలి వ్యాసం. చాలా కంపెనీల డీయూ బుష్ లోపలి వ్యాసం 12.7 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం. బోల్టులు 8 మిల్లీమీటర్లవి ఎక్కువగా కనిపిస్తాయి, 6, 10 మిల్లీమీటర్లవి కూడా ఉన్నాయి. చెవుల మధ్య దూరం ఫ్రేమును బట్టి మారుతుంది, పై బోల్టు దగ్గర ఒకటీ కింది బోల్టు దగ్గర ఒకటీ ఉండవచ్చు కనుక రెండూ కొలవండి. ఒక మిల్లీమీటరు తేడాతో తెప్పించుకున్న స్పేసర్ చెవులను లోపలికి లాగి బిగించవలసి వస్తుంది. అది ఫ్రేముకు చేటు. షాక్ పైభాగానికి ఐలెట్ లేకుండా రెండు పక్కలా బోల్టులు నేరుగా షాక్ దేహంలోకి వెళుతుంటే, అది ట్రనియన్ రకం. ఆ వైపు స్పేసర్లు ఉండవు.

లేత్‌లో చేయించడం మంచి ఆలోచనే. మంచి మేస్త్రి చేతిలో అల్యూమినియం కడ్డీ నుంచి స్పేసర్ తేలికగా తయారవుతుంది, పాత ముక్కను కాక కొలతలు రాసిన కాగితాన్ని ఇవ్వండి. పాతది అరిగి ఉంటుంది, దాన్ని చూసి చేస్తే కొత్తదీ అరిగినట్టే వస్తుంది. బుష్ మాత్రం కొన్నదే వేయండి. దాని లోపలి పూత ప్రత్యేకమైనది, ఆ పూతతోనే అది నూనె లేకుండా జారుతుంది. పాత బుష్‌ను తీయడం, కొత్తది ఎక్కించడం రెండూ బెంచ్ వైస్‌లో, సరిపోయిన సాకెట్లు పెట్టి మెల్లగా నొక్కి చేయవలసినవి. సుత్తితో కొడితే బుష్ వంకరగా ఎక్కి, మొదటి నెలలోనే మళ్లీ ఊగడం మొదలవుతుంది.

బిగించే ముందు ఫ్రేము రంధ్రాల్లోని తెల్లటి పొడిని గిన్నెలు తోమే ఆకుపచ్చ నైలాన్ పీచుతో రుద్ది తీయండి. స్టీలు పీచు వాడితే దాని నలుసులు అల్యూమినియంలో దిగి, మళ్లీ అదే తుప్పుకు బీజం వేస్తాయి. బోల్టు నున్నని భాగానికి అంతటా పలుచగా గ్రీజు రాయండి. గ్రీజు రాస్తే బోల్టు వదులై ఊడుతుందేమోనని చాలామంది భయపడి పొడిగా బిగిస్తారు. నీటిని బయట ఉంచేది ఆ గ్రీజు పొరే, బోల్టును ఊడకుండా పట్టేది మరల దగ్గరి బిగువు. మరలను మాత్రం గ్రీజు లేకుండా స్పిరిట్‌తో తుడిచి, నీలం రంగు థ్రెడ్‌లాకర్ (మరలు వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేయండి. ఎరుపు రంగుది వేయవద్దు. దాన్ని మళ్లీ విప్పాలంటే సుమారు 250 డిగ్రీల వేడి కావాలి, ఆ వేడి మీ ఫ్రేముకు ఏమి చేస్తుందో పైన రాశాను. ఎంత బిగించాలన్నది ఫ్రేము కంపెనీ పుస్తకంలో న్యూటన్ మీటర్లలో ఉంటుంది, చాలా ఫ్రేములకు బోల్టు పక్కనే సన్నని అక్షరాల్లో చెక్కి కూడా ఉంటుంది. ఆ అంకె ప్రకారం టార్క్ రెంచ్‌తో బిగించండి.

మీ ఊళ్లలో వాడే సైకిలుకు ఏడాదికి రెండుసార్లు, జూన్ వానలకు ముందు ఒకసారి, అక్టోబరులో ఒకసారి, ఈ బోల్టులను పూర్తిగా బయటికి తీసి తుడిచి మళ్లీ గ్రీజు రాయాలి. అలవాటైతే అరగంట పని. కడిగేటప్పుడు బకెట్టు నీళ్లు, గుడ్డ, మెత్తని బ్రష్ చాలు, నీటి ధారను కీళ్ల వైపు తిప్పనివ్వవద్దు. కొత్త బుష్ వేశాక మొదటి రెండు మూడు సవారీలలో అది సర్దుకుంటుంది. ఆ తరువాత బోల్టు బిగువును ఒకసారి టార్క్ రెంచ్‌తో చూడండి. వెనుక చక్రాన్ని చేత్తో పైకి ఎత్తి వదులుతూ, రెండో చేతి వేలు షాక్ ఐలెట్, ఫ్రేము చెవి కలిసే చోట ఆనించండి. కదలిక ఏమైనా మిగిలి ఉంటే వేలికే తెలుస్తుంది.